అలసిన వీరుడు

హెర్క్యులీసు పేరు వినని విద్యార్థి అరుదు. పాతతరమువారికి ఆ పేరు మొదట సైకిలుమీద కనిపించినది. ఇప్పటి పిల్లలకు బొమ్మల చలనచిత్రములలో కనిపించుచున్నది. అది రోమనులు పలికిన పేరు. గ్రీకులు అతనిని హెరాక్లీసు అనిరి. ఇంతగా ప్రసిద్ధుడైన ఈ వీరునిగూర్చి బాలల సంగ్రహకథలు చెప్పునది మాత్రము మిక్కిలి స్వల్పము. అతడు సింహమును చంపెను, తొమ్మిది తలల సర్పమును చంపెను, పశువుల శాలను కడిగెను, పాతాళపు కుక్కను ఈడ్చుకొనివచ్చెను. ఇట్టివి 12 ఘనకార్యములు. వానిని వరుసగా అప్పగించిన పిల్లవానిని పెద్దలు మెచ్చుకొందురు. ఆ పనులు అతడు ఎందుకు చేయవలసి వచ్చెనని ఆ పిల్లవాడు అడుగడు. అడుగుటకు కథలో చోటు మిగల్చబడలేదు.

సంగ్రహకారులు నెమియా సింహముతో ఆరంభింతురు. అసలు కథ అంతకుముందే సగము నడచినది. థీబ్సు నగరమున నివసించు ఆంఫిట్రియను భార్య ఆల్క్మీనికి, దేవతల రాజగు జ్యూసువలన పుట్టినవాడు హెరాక్లీసు. జ్యూసు భార్యయగు హీరా ఆ బిడ్డపై పుట్టకమునుపే పగపట్టినది. ఆనాడు తన వంశమున పుట్టబోవు శిశువు చుట్టుప్రక్కల వారినందరిని ఏలునని జ్యూసు పలుకగా, ఆమె అతనిచే ఒట్టు పెట్టించి, ఆల్క్మీని ప్రసవమును ఆపి, యూరిస్థియసు అను వేరొకనిని నెలలు నిండకయే పుట్టించినది. ఈ ముచ్చట హోమరు ఇలియడ్ కావ్యమునందే కలదు. ఏలవలసినవాడు ఊడిగము చేయువాడయ్యెను. అతని పేరునకు అర్థము ‘హీరావలన కీర్తి గన్నవాడు’ అని చెప్పుదురు. పగపట్టిన ఆమె పేరే ఆతని పేరయినది.

ఉపాధ్యాయులు గమనింపదగిన ఘట్టమొకటి అతని బాల్యములో ఉన్నది. లైనసు అను సంగీతగురువు శిష్యుని దండింపగా, శిష్యుడు చేతనున్న తంత్రీవాద్యముతోనే గురువును మోది చంపెను. విచారణలో, తనపై మొదట చేయి చేసికొనినవానిని తిప్పికొట్టినవాడు నిర్దోషియను శాసనమును వినిపించి బయటపడెను. ఆంఫిట్రియను మాత్రము తీర్పుతో తృప్తిపడక, మరల ఇట్టిదేమి జరుగునోయని భయపడి, బాలుని పశువుల మందకు పంపివేసెను. న్యాయాధిపతులకంటె ఇంటి పెద్దకే ఆ పిల్లవాని సంగతి బాగుగా తెలిసినట్లున్నది.

పెరిగి పెద్దవాడై, క్రియాను రాజు కుమార్తె మెగారాను పెండ్లాడి, బిడ్డలను కనెను. అప్పుడు హీరా అతనికి ఉన్మాదము కలిగించినది. ఆ ఉన్మాదములో తన బిడ్డలను, తమ్ముని బిడ్డలనిద్దరిని తన చేతులతోనే అగ్నిలో పడవేసెను. తెలివి వచ్చిన పిమ్మట తనకు తానే దేశబహిష్కారము విధించుకొని, డెల్ఫీ ఆలయమునకు పోయి, ఇక నేనెక్కడ బ్రతుకవలెనని అపొల్లో దేవుని అడిగెను. టిరిన్సు పోయి 12 ఏండ్లు యూరిస్థియసును కొలువుమని, అతడు విధించిన 10 పనులు చేయుమని ఆదేశము వచ్చెను. అపొల్లోడోరసు పేరుమీద నిలిచిన పురాణసంగ్రహము ఈ క్రమమునే చెప్పుచున్నది. అనగా ఆ పనులు బిరుదముల కొరకు చేసినవి కావు. బిడ్డలను చంపిన తండ్రి చేసిన ప్రాయశ్చిత్తమవి. ఆ ఒక్క సంగతిని తీసివేసినచో మిగులునది సర్కసు.

10 పనులు 12 ఎట్లయ్యెనన్న చోటనే కథయొక్క సూక్ష్మమున్నది. లెర్నా మడుగులోని హైడ్రా అను సర్పమునకు ఒక తల పగులగొట్టినచో రెండు తలలు మొలచుచుండెను. తమ్ముని కొడుకు ఇయోలాసు కొరవులతో మొదళ్లను కాల్చుచుండగా హెరాక్లీసు తలలను తీసివేసి, చావులేని నడిమి తలను బండక్రింద పాతిపెట్టెను. యూరిస్థియసు ఆ పనిని లెక్కలోనికి తీసికొనలేదు. వేరొకని సాయము పొందితివనెను. ఎలిస్ దేశపు రాజు ఆగియసు పశుశాల సంగతియు ఇంతియే. ఒక్క పగటిలో శాలను శుభ్రము చేసినచో మందలో పదియవవంతు ఇమ్మని హెరాక్లీసు బేరమాడెను. యూరిస్థియసు ఆజ్ఞయని మాత్రము చెప్పలేదు. గోడకు గండి కొట్టి, ఆల్ఫియసు, పెనియసు నదులను శాలలోనికి మళ్లించెను. పని అయిన తరువాత ఆగియసు మాట తప్పెను. రాజు కొడుకు తండ్రికి ఎదురుగా సాక్ష్యము చెప్పగా, సాక్షిని, ఫిర్యాదిని ఇద్దరిని దేశమునుండి వెడలగొట్టెను. యూరిస్థియసు దీనినిగూడ త్రోసివేసెను, కూలికి చేసితివనెను. యూరిస్థియసు అల్పుడు. హెరాక్లీసును చూచి జడిసి భూమిలో కంచుబానను పాతించుకొని అందు దాగినవాడు. ఆజ్ఞలను సైతము దూత నోట పంపినవాడు. అయినను ఈ రెండు తీర్పులలోను అల్పుని లెక్కయే సరియైనది. ప్రాయశ్చిత్తమును ఇంకొకనితో పంచుకొనుటకు వీలులేదు. దానికి కూలి పుచ్చుకొనుటకును వీలులేదు. ఈ ఘట్టమును తరగతిలో అరగంట చర్చించినచో, తక్కిన లేడి, పంది, పక్షులు, ఎద్దు, గుఱ్ఱములు, నడికట్టు, మందలు, బంగారు ఆపిలు పండ్లు, పాతాళపు కుక్క ఒక్క వాక్యములో చెప్పినను లోపము లేదు.

హెరాక్లీసును గ్రీకుల భీముడని పరిచయము చేయుట మన తరగతులలో వాడుక. గద, ఆకలి, భుజబలము, రాక్షసవధ: పోలికలు సహజములే. విరాటుని కొలువులో భీముడును వంటవాడై ఒక సంవత్సరము గడపెను. కాని ఆ దాస్యము ఓడిన జూదపు షరతు; తన చేతిమీదుగా జరిగిన ఘోరమునకు పరిహారము కాదు. పోలిక ఆ గుమ్మముదాక వచ్చి ఆగిపోవును. అక్కడినుండి చెప్పవలసినదే గ్రీకుల సొత్తు.

పసివారికి శిశుహత్యను చెప్పవచ్చునా అని సందేహించువారు కలరు. ఆ సందేహము త్రోసివేయదగినది కాదు; ఐదవ తరగతికి చెప్పు తీరు వేరు, కళాశాలకు చెప్పు తీరు వేరు. కాని దాచుట ఒకటి, మార్చుట వేరొకటి. 1997లో వెలువడిన డిస్నీవారి చిత్రములో హీరాయే హెరాక్లీసుకు ప్రేమగల కన్నతల్లి. మెగారా అతని ప్రియురాలు. బిడ్డలు లేనే లేరు. పగ లేదు, పాపము లేదు, ఊడిగము లేదు. అది చూచిన బాలుడు మూలకథను మరచుట కాదు, దానికి సరిగా విరుద్ధమైన కథను నేర్చుచున్నాడు. ‘తెలియక చేసిన ఘోరమొకటి అతని నెత్తిన పడినది, దానిని తీర్చుకొనుటకై ఈ పనులు చేసెను’ అని చెప్పినంతలో చిన్నపిల్లలు జడిసికొనరు. వారికిని చేతినుండి జారి పగిలిన వస్తువుల దుఃఖము తెలియును.

గ్రీకు కవులే ఈ ఘట్టమును మరింత కఠినముగా చూచిరి. యురిపిడీసు క్రీ.పూ. 416 ప్రాంతమున ‘హెరాక్లీసు’ అను నాటకము వ్రాసి, క్రమమును తారుమారు చేసెను. అందు కార్యములన్నియు ముందే ముగిసినవి. పాతాళమునుండి తిరిగివచ్చిన వీరుడు, లైకసు అను దురాక్రమణదారుని చేతిలో చావనున్న తన భార్యను బిడ్డలను కాపాడును. భయముతో తన బట్టలను విడువని పిల్లలను, ఓడ వెనుక కట్టిన చిన్న పడవలవలె ఇంటిలోనికి నడపించుకొనిపోవును. ఆ ఇంటిలోనే ఉన్మాదము పైబడును. ఎవరి కొరకు ఆయుధము పట్టెనో, వారినే ఆ ఆయుధములతో చంపును. భార్యయు ముగ్గురు కొడుకులును కూలిన పిమ్మట, స్తంభమునకు కట్టబడియుండి నిద్రనుండి మేల్కొనును. నీవే చేసితివని చెప్పవలసిన భారము వృద్ధుడగు ఆంఫిట్రియనుపై పడును.

యురిపిడీసు ఈ మార్పుచే ప్రాయశ్చిత్తపు పట్టికను వీరుని చేతినుండి లాగివేసెను. ఇక లెక్కపెట్టి ముగించుటకు 12 పనులు లేవు. చావవలెనని నిశ్చయించుకొని, మొగము కప్పుకొని కూర్చున్నవాని యొద్దకు, అతడు పాతాళమునుండి విడిపించిన థీసియసు వచ్చును. హంతకుని తాకిన మైలపడుదురను నమ్మకమును లెక్కింపక, ముసుగు తొలగించి, చేయి పట్టును. హెరాక్లీసు బ్రతుకుటకు ఒప్పుకొనును. బిడ్డలను చంపిన విల్లును పారవేయుదునా, మోయుదునా అని కొంత తడవు తడబడి, చివరకు మోయుటకే నిశ్చయించును. థీసియసు భుజముపై ఆనుకొని ఏథెన్సువైపు నడచుచు, ఈసారి తానే ఓడ వెనుక కట్టిన పడవననును. సింహమును గొంతు పిసికి చంపినవాని గూర్చి వ్రాయబడిన వానిలో ఇంతకంటె ధైర్యము గల దృశ్యము లేదనుట సాహసము కాదు.

శిల్పులును ఈ సంగతి ఎరుగుదురు. ఒలింపియాలోని జ్యూసు ఆలయమున క్రీ.పూ. 5వ శతాబ్దిలో ఈ 12 కార్యములను 12 పలకలపై చెక్కిరి. సింహపు పలకపై ఉన్నవాడు గడ్డము మొలవని యువకుడు. చచ్చిన సింహముపై కాలుంచి, తల చేతికి ఆనించి నిలిచియున్నాడు. అది మొదటి పని, అప్పుడే అలసియున్నాడు. రోమునగరపు కారకల్లా స్నానశాలలలో 1546లో దొరకి, ఇప్పుడు నేపుల్సు ప్రదర్శనశాలలో ఉన్న ఫర్నేసే విగ్రహము ఇంకను ప్రసిద్ధము. గ్లైకను అను శిల్పి, లిసిప్పసు మలచిన పూర్వవిగ్రహమునుబట్టి చేసినది. మూడు మీటర్లకు మించిన ఆ దేహములో కండ లేని చోటు లేదు. అయినను తల వాలియున్నది. బరువంతయు చంకక్రింది గదపై మోపబడినది. సాధించుకొనివచ్చిన ఆపిలు పండ్లు వీపు వెనుక చేతిలో, ముందునుండి చూచువారికి కనబడకుండ ఉన్నవి. వ్యాయామశాలల గోడలకు ఆ బొమ్మను అతికించువారు కండలను చూచినంతగా ఆ మొగమును చూచినట్లు లేదు.

రాజులు మాత్రము తమకు కావలసినది ఏరుకొనిరి. మాసిడోనియా రాజవంశము హెరాక్లీసు సంతతినని చెప్పుకొన్నది. అలెగ్జాండరు వెండినాణెములపై సింహచర్మము కప్పిన హెరాక్లీసు తల ముద్రింపబడినది. క్రీ.శ. 180 నుండి 192 వరకు ఏలిన రోమను చక్రవర్తి కొమొడసు గదయు సింహచర్మమును ధరించి, తానే హెర్క్యులీసునని ప్రకటించుకొని, అట్లే విగ్రహము చెక్కించుకొనెను. టిరిన్సులో చేసిన ఊడిగమునకు, లిడియా రాణి ఓంఫలేకు అమ్ముడుపోయి గడపిన దాస్యమునకు వారసులమని చెప్పుకొనిన రాజొక్కడును లేడు. బాక్ట్రియాను ఏలిన యూథిడెమసు నాణెములపై మాత్రము వీరుడు బండమీద కూర్చుండి, గద చేపట్టి విశ్రమించుచుండును.

ఆ దారిననే అతడు మనదేశపు పొలిమేరకు వచ్చెను. మథురాప్రాంతపు శూరసేనులు హెరాక్లీసును కొలుచుచున్నారని మెగస్థనీసు చెప్పినట్లు ఆరియను వ్రాసెను. అతడు చూచినది కృష్ణునని పండితులు పెక్కుమంది తలంతురు. గాంధార శిల్పములలో బుద్ధుని ప్రక్కన, తలపై సింహచర్మము కప్పుకొని వజ్రపాణి కనబడును. రూపము హెరాక్లీసుది, పని మాత్రము అనుచరునిది. ఆ శిల్పులు అతనికి ఇచ్చిన కొలువు యూరిస్థియసు కొలువుకంటె మేలైనది.

పాఠములకు మిక్కిలి నచ్చిన కథ ఇంకొకటి ఉన్నది. రెండుదారుల కూడలిలో సుఖమును, సుగుణమును ఇద్దరు స్త్రీలై నిలిచి యువకుడగు హెరాక్లీసును పిలిచిరట. అతడు సుగుణమును ఎన్నుకొనెనట. ప్రోడికసు అను ఉపాధ్యాయుడు కల్పించినదానిని జెనొఫను వ్రాసి నిలిపెను. బోధకు అనువుగా ఉన్నందున ఐరోపా పాఠశాలలు శతాబ్దులపాటు దీనిని పట్టుకొనెను. కథ చక్కనిదే, అది హెరాక్లీసు కథ మాత్రము కాదు. అతని జీవితములో అంత తేటతెల్లమైన కూడలి ఒక్కటియు రాలేదు. ఎన్నుకొనుటకు ముందే చేతులకు రక్తమంటినది.

హోమరు శిశుహత్యను చెప్పలేదు. కాని ఒడిస్సీ 11వ సర్గములో ఒక వింత చేసెను. హెరాక్లీసు దేవతలతో విందులారగించుచున్నాడనియు, పాతాళమున ఉన్నది అతని ఛాయ మాత్రమేననియు చెప్పెను. ఆ ఛాయ చీకటిలో, విల్లు ఎక్కుపెట్టి, ఎవరినో వేయబోవువానివలె చుట్టును తేరిచూచుచు తిరుగుచుండును. ఒడిస్సియసును చూచి గుర్తుపట్టును. అతనితో సింహమునుగూర్చి గాని, సర్పమునుగూర్చి గాని మాటాడదు. జ్యూసు కొడుకునై పుట్టియు తనకంటె ఎంతో తక్కువవానికి ఊడిగము చేసితినని, వాడు తనను కుక్క కొరకు ఇచ్చటికే పంపెనని చెప్పి, తిరిగి చీకటిలోనికి పోవును.