తుపాను వెళ్లేసరికి నారు సిద్ధంగా ఉండాలి

బెజవాడ వాసులకు, డెల్టా గ్రామాల అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు విజ్ఞప్తి

ఆషాఢంలో గింజ వేస్తాం. భాద్రపదానికి పాదు పందిరెక్కుతుంది. సరిగ్గా అప్పుడే ముంపు వస్తుంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు మీద పడినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం పెరళ్లలో సొరపాదులు, వంగమొక్కలు రోజుల తరబడి నీళ్లలో నాని కుళ్లిపోయాయి. వరద తప్పినా తుపాను తప్పదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటింది. ఆ తర్వాత మనం అనే మాట ఒకటే: "ఈ ఏటికి ఇంతేలే, మళ్లీ ఆషాఢానికి చూద్దాం." ఆ మాట మానమని అడగడానికే ఈ కరపత్రం.

మన డెల్టా రైతు ఎన్నడూ అలా ఊరుకోలేదు. వరి ఇంకా చేలో ఉండగానే మినుము చల్లుతాడు, కోత అయ్యేసరికి మొలక పైకొస్తుంది. కృష్ణా నది లంకల్లో వరద తీశాక మిగిలిన ఒండ్రు మీదే మళ్లీ కూరగాయలు వేస్తారు. పల్లెలో పొలానికి పనికొచ్చిన ఈ తెలివి పట్నంలో పెరటికి ఎందుకు పనికిరాదు?

నీళ్లు తీశాక ఏం చేయాలో చూద్దాం. ముందు నేల సంగతి. గుప్పెడు మట్టి తీసి పిండి చూడండి. వేళ్లకు జిగురుగా అంటుకుంటే ఆగండి. ముద్దయి, బొటనవేలితో నొక్కగానే పొడిపొడిగా విడిపోతే పదునుకు వచ్చినట్టు. మన నల్లమట్టిని పదును రాకముందే తవ్వితే గడ్డలు కట్టి వేసవి దాకా విడవదు. జానెడెత్తు మడి కట్టి, చివికిన పశువుల ఎరువు కలపండి. ఇంట్లోకి మురుగు కలిసిన వరద వచ్చి ఉంటే పైమట్టి గీకేయండి. అలాంటి చోట తొలి పంటగా ఆకుకూరలు వద్దు, నేలకు తగలకుండా పైన కాసేవే వేయండి.

మిగతా చోట్ల ఆకుకూరలతో మొదలుపెట్టండి. తోటకూర, పాలకూర, మెంతికూర నెల తిరిగేసరికి కోతకు వస్తాయి. ముల్లంగికి నెలన్నర చాలు. ధనియాలను అప్పడాల కర్రతో మెల్లగా నలిపి, బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లితే కొత్తిమీర త్వరగా మొలుస్తుంది. తోటకూర గింజ సన్నం కాబట్టి పొడి ఇసుకలో కలిపి చల్లండి. చీమలు గింజల జోలికి పోకుండా మడి చుట్టూ కాస్త రవ్వ వేయండి.

పందిరి చిక్కుడును మాత్రం తుపాను తర్వాత నమ్ముకోవద్దు. అది పొద్దు తగ్గేకొద్దీ పూసే జాతి. ఆలస్యంగా వేస్తే తీగ సాగకుండానే పూతకొస్తుంది, నాలుగు కాయలతో సరిపెడుతుంది. పొద్దుతో పనిలేకుండా కాసే పొద చిక్కుడు రకాలున్నాయి, అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు సంక్రాంతి దాటాక ఎవరు అమ్మినా కొనకండి. మన ఎండకు అవి నిలవవు.

అసలు చిక్కు టమాటా, వంగ, మిరప దగ్గర ఉంది. ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వెచ్చబడితే టమాటా పూత రాలిపోతుంది. బెజవాడలో ఆ ఎండ మార్చిలోనే వచ్చేస్తుంది. తుపాను వెళ్లాక గింజ కొని నారు పోసుకుంటే మొక్క నాటేసరికే దాదాపు నెల పోతుంది. నాటాక తొలి కోతకు ఇంకో రెండు నెలలు. నవంబర్ మధ్యలో నాటినవాళ్లు సంక్రాంతి దాటగానే కాయలు కోసుకుంటారు, మార్చి దాకా తింటారు. డిసెంబర్ చివర నాటినవాళ్లకు కాయ అందేసరికి ఎండలు ముదురుతాయి. పోయిన ఆ నెలను ఏ ఇల్లాలూ ఒంటరిగా తిరిగి తెచ్చుకోలేదు. దాన్ని ఆదా చేయాల్సింది మన సంస్థలే.

అందుకే అడుగుతున్నాం. ఉద్యాన శాఖ, నగరపాలక సంస్థ, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కలిసి అక్టోబర్ మొదట్లోనే డ్వాక్రా సంఘాల చేత ట్రేలలో టమాటా, వంగ, మిరప నారు పోయించాలి. మెరక మీద, షెడ్డు కింద ఉంచితే వాన ఏమీ చేయదు. తుపాను రాకపోయినా నష్టం లేదు, నారు అమ్ముడవుతుంది, సంఘానికి నాలుగు డబ్బులు మిగులుతాయి. 1999లో రైతు బజార్లు మొదలైనప్పుడు రైతుకీ కొనేవాళ్లకీ మధ్య దళారీ లేకుండా చేయాలన్నదే లక్ష్యం. ఆ బజార్లలోనే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నారుకీ, ఆకుకూర విత్తనాలకీ ఒక బల్ల కేటాయించాలి. ముంపు కాలనీల్లో మొదటి ట్రే ఉచితంగా ఇవ్వాలి.

ఇక వేసవి కూరగాయల సంగతి. సంక్రాంతి దాటాక బెండ, బీర, దోస, సొర, గోరుచిక్కుడు గింజలు వేసుకోవచ్చు. ఊళ్లలో కాలువ నీటి మీద ఆధారపడే పెరళ్లవాళ్లు జనవరిలోనే వేయాలి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే నీళ్లకు కటకటే.

ఈ నారు మనకు అందాలంటే, మీ వీధిలో పెరడో, డాబానో ఉన్న ఇళ్ల పేర్లు రాసి, ఎవరికి ఎన్ని మొక్కలు కావాలో లెక్క తీసి, సెప్టెంబర్‌లోగా మీ వార్డు లేదా గ్రామ సచివాలయంలో అర్జీ ఇవ్వండి. అర్జీ అందినట్టు రసీదు అడిగి తీసుకోండి.