పరీక్ష రోగి పక్షాన నిలవాలి

మేము వైద్య, నర్సింగ్, ఫార్మసీ కళాశాలల్లో పాఠాలు చెప్పేవాళ్లం, చదువుకునేవాళ్లం. ఆన్‌లైన్ పరీక్షలు వద్దనడం మా ఉద్దేశం కాదు. అవి దేన్ని కొలుస్తున్నాయో తేల్చాలని ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం.

2020లో కోవిడ్ కమ్ముకొచ్చినప్పుడు లండన్‌లోని ఇంపీరియల్ కళాశాల చివరి ఏడాది వైద్య విద్యార్థులకు ఇంటి దగ్గరే, పుస్తకాలు చూసుకుంటూ రాసే ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. అప్పటినుంచి ఈ రంగంలో పరిశోధన పత్రాలు వెల్లువెత్తాయి. కాపీ కొట్టారా, పద్ధతి నచ్చిందా అని అడిగినవి వాటిలో చాలానే ఉన్నాయి. పరీక్ష రాసిన విద్యార్థి రేపు ఆయాసంతో వచ్చిన మనిషికి ఏం చేస్తాడని అడిగినవి తక్కువ.

వైద్య విద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లోనే వైద్యుడి సామర్థ్యాన్ని అంచనా వేయడానికి నాలుగు మెట్లు చెప్పాడు: తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, రోజువారీ పనిలో చేయడం. నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ఎంచుకునే ప్రశ్న రెండో మెట్టు దాటదు. 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో చాట్‌జీపీటీ అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలో ఉత్తీర్ణత అంచుకు చేరింది. ఎన్నడూ నాడి పట్టని యంత్రం అందుకోగల మార్కులతోనే డాక్టర్‌కు అర్హత కట్టబెడదామా?

మన దేశంలో సామర్థ్యాల ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక 2019లో వచ్చింది. పీజీ సీట్ల కోసం రాసే నీట్ పీజీలో మాత్రం నేటికీ బహుళైచ్ఛిక ప్రశ్నలే. హౌస్‌సర్జన్లు వార్డు వదిలి క్వశ్చన్ బ్యాంకుల ముందు ఎందుకు కూర్చుంటున్నారో బోధకులందరికీ తెలుసు. తప్పు పిల్లలది కాదు, మనం పెట్టే పరీక్షది.

అందుకే పరిశోధన దారి మళ్లాలి. కంప్యూటర్ మార్కుల్ని అదే విద్యార్థి వార్డు పనితో ఏళ్ల తరబడి పోల్చి చూడాలి. తెరమీద రోగి కథ వచ్చేటప్పుడు, "కడుపులో దేవుతోందమ్మా, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి" అనే మన రోగి మాటే వీడియోలో వినిపించాలి. వరంగల్‌లోనో విజయవాడలోనో డ్యూటీ చేయబోయేవారికి అదే అసలు ప్రశ్న. కృత్రిమ మేధ రాసిన ప్రశ్నను బోధకుడు చదివి సరిచూడకుండా పరీక్షలో పెట్టకూడదు. కెమెరా నిఘాలో ముఖాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ ముదురు చర్మం దగ్గర ఎక్కువ తడబడుతుందని ఇప్పటికే తేలింది. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే హెచ్చరిక ఒక్కటే ఆధారంగా ఎవరినీ దోషిగా నిలబెట్టవద్దు. కరెంటు పోయి, సిగ్నల్ పడిపోయి ఆగిన పరీక్షను మళ్లీ రాయనివ్వాలి.

బోధకులారా, విద్యార్థులారా, ఈ ఏడాది మీ కళాశాలలో జరిగే ఒక్క ఆన్‌లైన్ పరీక్షతో మొదలుపెట్టండి. దాని మార్కుల్ని వార్డులో కనిపించిన పనితనం పక్కన పెట్టి చూడండి. ఫలితం ఎలా వచ్చినా, విద్యార్థుల పేర్లు తీసేసి అందరి ముందూ ఉంచండి.