ఇష్టమేందని అడుగుడు కాదు, ముందు సూపెట్టాలె

మొన్న మా అన్న బిడ్డ బడికెల్లి ఒక కాయితం పట్టుకొచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతది. పేరు, తరగతి, అమ్మానాయినల పేర్లు అన్నీ తనే నింపింది. కింద 'విద్యార్థికి ఇష్టమైన వ్యాపకం' అని ఒక గీత ఉన్నది. దాని మీద 'టీవీ చూచుట' అని రాసింది.

"గదేందే, నీకు ఇష్టమైంది టీవీనేనా?" అని అడిగిన.

"ఇంకేమేం ఉంటయో చెప్పు చిన్నాయినా, అండ్లకెల్లి ఒకటి రాస్త" అన్నది.

నాకు నోట మాట రాలే. ఆ పోరి తప్పేమున్నది? పట్నంల పైసలున్నోళ్ళ పిల్లలకు బడి అయినంక కరాటే, డ్యాన్స్, కీబోర్డు, చెస్సు, ఈత అని పది రకాలు కనవడ్తయి. చెస్సు నచ్చకపోతె రెండు నెలలకు ఈతకు మారుస్తరు. మా ఊరి పిల్లలకు బడి గంట కొట్టినంక కనవడేటియి మూడే: ఇంటి పని, ట్యూషను, ఫోను. ఈ మూడింట్ల నీకేది ఇష్టమని అడిగితె ఏం చెప్తరు?

ఇష్టం అనేది కడుపులకెల్లి పుట్టదు. కంటికి కనవడ్డ దాంట్లకెల్లి, చేతికి దొరికిన దాంట్లకెల్లి పుడ్తది. మనం ఊరి పిల్లలకు ఏదీ సూపెట్టకుంట ఇష్టమేందని మాత్రం అడుగుతున్నం. ఇయ్యాల నేను చెప్పదల్సుకున్న ముచ్చట ఇదే.

కల్లెడ నీళ్ళల్ల మందున్నదా?

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంల కల్లెడ అని ఒక ఊరున్నది. ఆ ఊరి బిడ్డ వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌ల మన దేశం తరఫున విలువిద్యల పోటీ పడ్డది. అదే ఊరి బిడ్డ జీవాంజి దీప్తి 2024 మే నెలల జపాన్ దేశం కోబె పట్నంల జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలల్ల 400 మీటర్లు 55.07 సెకండ్లల ఉరికి ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడు సెప్టెంబర్ల పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్య పతకం తెచ్చింది. ఒక్క ఊరు, ఇద్దరు బిడ్డలు.

కల్లెడ నీళ్ళల్ల ఏమన్న మందున్నదా? ఏం లేదు. ఆ ఊరి బడిల పిల్లల చేతికి విల్లు ఇచ్చిన్రు. విల్లు పట్టకముందు ప్రణీతకు బాణం ఏసుడు ఇష్టమని ఎవ్వరికి ఎర్క? దీప్తి సంగతి ఇంకా కష్టం. మేధో వైకల్యం ఉన్న పిల్ల. తల్లిదండ్రులు కైకిలి చేసుకునేటోళ్ళు. ఊర్లె ఎక్కిరించినోళ్ళు కూడ ఉన్నరు. ఆమె ఉరుకుడు బడిల వ్యాయామ సారు కంట్ల పడ్డది. తర్వాత కోచ్‌లు వచ్చిన్రు, పతకాలు వచ్చినయి. మొదలు మాత్రం ఒక సారు చూపే.

నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ ముచ్చట మీకు ఎర్కే. 2014 మే 25 నాడు, 13 ఏండ్ల 11 నెలల వయసుల ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా పిల్లగాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడ అదే నాడు ఎక్కిండు. ఇద్దరు సాంఘిక సంక్షేమ గురుకులాలల్ల చదివినోళ్ళే. ముందుగాల భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకొని ఎక్కుడు నేర్చుకున్నరు. అంతకుముందు వాళ్ళకు గిసొంటి కాయితం ఇచ్చి ఉంటే 'పర్వతాలు ఎక్కుట' అని రాసేటోళ్ళా?

వాళ్ళందరు మెరికలే, ఒప్పుకుంట. అయితె మెరికలు మన ఊర్లల్ల లేక కాదు. సూపెట్టేటోళ్ళు లేక.

నా మోటర్ వైండింగ్ చదువు

జర నా సంగతి చెప్త. నేను ఏడు, ఎనిమిది చదివేటప్పుడు బడి ఇడ్వంగనే సక్కగ మోటర్ వైండింగ్ దుకాణంకు పోతుంటి. కాలిపోయిన బోరు మోటరు ఇప్పి, పాత తీగ పీకి, కొత్త రాగి తీగ చుట్టేది చూసుకుంట కూసుంటుంటి. దుకాణపాయన చుట్లు లెక్కవెట్టమని నాకు చెప్తుండె. లెక్క తప్పితె మోటరు మల్ల కాలుతదని నాకు అప్పుడే ఎర్క.

మా ఇంట్ల దాన్ని ఇష్టం అనలే. 'తిరుగుడు' అన్నరు. నాయిన రెండుసార్లు వీపు పగలగొట్టిండు. తొమ్మిదిల మొత్తమే బంద్ పెట్టిచ్చిండు. పదిల సాయంత్రం స్పెషల్ క్లాసులు. పది పాసైన వారం లోపట్నే ఒక కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి కూసున్నడు. మా సోపతిగాడు ఎంపీసీ తీసుకున్నడని నేను కూడ ఎంపీసీ తీసుకున్న. పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రికల్ డిప్లొమా ఉంటదని, దానికి పది కాంగనే పాలిసెట్ రాయాలని నాకు ఇంటర్ రెండో ఏడు తెల్సింది. అప్పటికే ఫస్టియర్ లెక్కలు రెండుసార్లు తప్పి ఉన్న.

నాయినను తప్పు పడ్తలేను. దుకాణంల కూసునే పోరడు చదువు పాడు చేసుకుంటడని ఆయన భయం. 'నీకు అండ్ల ఏం నచ్చింది?' అని మాత్రం ఇంట్ల, బడిల ఒక్కరన్న అడగలే. అడిగి ఉంటే పాలిసెట్ మాట రెండేండ్ల ముందే నా చెవుల పడుతుండెనేమో.

సాయంత్రం గంట ముచ్చట ఇక్కడ అసలు లెక్కలకు వస్తది. పది అయినంక పదిహేనేండ్ల పిల్లను నిలవెట్టి 'ఏ గ్రూపు?' అని అడుగుతం. అప్పటిదాంక ఆ పిల్ల తన మనసుతోని ఒక్కటి కూడ ఎంచుకోలే. మల్ల ఎట్ల ఎంచుకుంటది? సోపతోళ్ళను చూస్తది, లేకుంటె పీఆర్వో చెప్పింది వింటది.

ఎంచుకునుడు కూడ ఒక అలవాటే. సైకిల్ తొక్కుడు లెక్క, పడుకుంట లేసుకుంట నేర్చుకోవాలె. కబడ్డీకి పోయి నచ్చక ఇడ్సిపెడితె పోయేదేం లేదు. ఎంపీసీ తీసుకొని నచ్చకపోతె రెండేండ్లు పోతయి, ఫీజు పోతది, ఇజ్జత్ పోయిందని కుములుడు వేరే. ఇంటర్ ఫలితాలొచ్చిన నాడు ఎసొంటి వార్తలు వింటమో మీకు ఎర్కే.

చట్టంల ఉన్నది, ఊర్లె లేదు

ఇది నేను దయ చూపమని అడుగుతున్న ముచ్చట కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్ల ఉన్న విద్యాహక్కు చట్టం షెడ్యూల్ల ఏమున్నదో చూడున్రి. ప్రతి బడికి ఆట స్థలం ఉండాలె. పేపర్లు, కథల పుస్తకాలతోని గ్రంథాలయం ఉండాలె. తరగతికి కావాల్సిన ఆట సామాన్లు ఉండాలె. 6 నుంచి 8 తరగతులల్ల పిల్లలు నూరు మంది దాటితె కళలు, వ్యాయామం, పని విద్య నేర్పేటందుకు పార్ట్ టైం బోధకులు ఉండాలె. పిల్లలకు ఆడుకునే హక్కు, తీరిక హక్కు ఉన్నదని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంల ఉన్నది. మన దేశం దాన్ని 1992లనే ఒప్పుకున్నది.

2020 జాతీయ విద్యా విధానం ఇంకో మంచి మాట చెప్పింది. 6 నుంచి 8 మధ్యల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుంట వడ్ల పని, కుండలు చేసుడు, తోట పని, బొమ్మలేసుడు తెల్సినోళ్ళ దగ్గర ఉండి నేర్చుకోవాలట. అది చదివి నేను నవ్వుకున్న. నేను మోటర్ దుకాణంల కూసుంటె దెబ్బలు పడ్డయి, ఇప్పుడు అదే పని విధానంల రాసిన్రు.

రాసుడు వేరు, జరుగుడు వేరు. 2022ల ఊరూరికి క్రీడా ప్రాంగణం అన్నరు. మా ఊర్ల బోర్డు ఉన్నది, ఇనుప కమ్మి ఉన్నది, చుట్టు పిచ్చిచెట్లు ఉన్నయి. పిల్లలు లేరు. ఎందుకంటె పిలిచేటోళ్ళు లేరు, నేర్పేటోళ్ళు లేరు. జాగ ఒక్కటి సూపెడితె ఆట పుట్టదు.

ఆడివిల్లల గంట ఎవరు తింటున్నరు?

మా ఇంట్లనే చూసిన. అన్న బిడ్డకు ఒక అన్న ఉన్నడు. మండలంల ఇంటర్ చదువుతడు. వాడు నాలుగింటికి ఇంటికొచ్చి, సంచి పడేసి, చీకటి పడేదాంక క్రికెట్టే. ఈమె వచ్చి వాకిలి ఊడ్సి, బాసాండ్లు తోమి, ఆరేసిన బట్టలు మడతపెట్టి, బియ్యం కడుగుతది. పత్తి ఏరే దినాలల్ల వాళ్ళమ్మ పొద్దుమూకినంక గాని రాదు కాబట్టి కూర కూడ ఈమెనే. బడిల పీఈటీ సారు ఖోఖోకు ఉండమంటె, "ఇంటికాడ పనున్నది సార్" అని వచ్చేసిందట. ఆ ముచ్చట ఇంట్ల చెప్పను కూడ చెప్పలే.

ఇగ తండాల నుంచి వచ్చే పిల్లల కథ వేరే. ఆడోళ్ళకు బస్సు ఉచితమే, మంచిదే. అయితె ఐదున్నరకు బస్సే లేకుంటె ఆ పిల్ల ఆట కోసం ఎట్ల ఆగుతది? సాయంత్రం గంట అందరికి ఒక్క తీరుగ లేదు. పైసలున్నోళ్ళ పిల్లలకు ఒక తీరు, మగపిల్లలకు ఒక తీరు, ఆడివిల్లలకు ఒక తీరు.

'ఆటలు కూడు పెడ్తయా?'

ఈ మాట ప్రతి ఇంట్ల వినవడ్తది. నిజం చెప్పాల్నంటె, శానా మందికి పెట్టయి. సర్కారు కొలువులల్ల క్రీడాకారులకు 2 శాతం కోటా ఉన్నది. బాక్సింగ్‌ల ప్రపంచ విజేత అయిన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ డీఎస్పీ అయింది. అయినా గానీ కొలువు కోసం పిల్లను ఆటకు పంపుడు తప్పే. పతకం రాకపోతె ఆ పిల్ల ఓడినట్టు లెక్క కట్టి, తెల్లారి నుంచి బంద్ చేపిస్తరు. ఇష్టం కాస్త ఇంకో పరీక్ష అయితది.

నేను అడిగేది గంత పెద్దది కాదు. రోజుకు ఒక్క గంట. పదోళ్ళకు స్పెషల్ క్లాసులు తప్పవంటె తప్పవు, కనీసం ఆరు నుంచి తొమ్మిది దాంక ఆ గంటను ముట్టుకోవద్దు. ఆ గంటల పిల్లలు కొన్ని చూడాలె, కొన్ని పట్టుకోవాలె, ఒకటి ఎంచుకోవాలె. నచ్చకపోతె ఇడ్సిపెట్టాలె. ఒక్కటే షరతు: మొదలుపెట్టినంక నెల దాంక ఇడ్వొద్దు. మొదటి వారం ఏ పని అయినా కష్టంగనే ఉంటది.

మరి సూపెట్టేది ఎవరు?

సర్కారు నుంచి పీఈటీలను అడగాలె, కొట్లాడాలె. బడి కమిటీ మీటింగులల్ల మధ్యాహ్న భోజనం, బాత్రూముల ముచ్చటతోని పాటు ఆట సామాను, పుస్తకాల బీరువ తాళంచెవి ముచ్చట కూడ అడగాలె. కానీ అవి వచ్చేదాంక ఈ ఏడు ఎనిమిది చదివే పిల్ల ఆగదు కద. వచ్చే ఏడుకు తొమ్మిదికి పోతది.

తమ్మీ, చెల్లె, నోటిఫికేషన్ కోసం ఎదురుచూసుకుంట ఊర్లె ఉన్నోళ్ళం మనమే మస్తు మందిమి ఉన్నం. మనల ఒకరికి చెస్సు వస్తది. ఒకరు జిల్లా దాంక వాలీబాల్ ఆడి వచ్చిన్రు. ఒకరికి బొమ్మలేసుడు, ఒకరికి వీడియో ఎడిటింగ్ వస్తది. వారంల ఒక్క సాయంత్రం, హెడ్మాస్టర్ సారును అడిగి బడికి పోతె ఏం పోతది?

ఊర్ల ఇంకా శానా మంది ఉన్నరు. ఒగ్గు కథ చెప్పే తాత ఉన్నడు. కోలాటం ఎరిగిన అవ్వలున్నరు. డప్పు కొట్టే పెద్దాయన ఉన్నడు. పట్నంల డ్రమ్స్ నేర్పితె ఫీజు కట్టి పంపుతరు, మన ఊర్లె డప్పు పట్టుకుంటె కులం గుర్తుకొస్తది. ఈ సోయి మారకుంటె మన దగ్గరున్న విద్య మన పిల్లలకే కనవడదు. మోటర్ వైండింగ్ దుకాణం కూడ బడి లెక్కనే అని ఒక్క తండ్రి ఒప్పుకున్నా నాకు సంబురమే.

మా ఇంట్ల మొన్న జర లొల్లి అయింది. సోమ, బుధ, శుక్రవారాలు బాసాండ్లు పోరడు తోమాలె అని నేను అన్న. వాడు గులిగిండు. వదిన "మగపిల్లగాడు" అనబోయి ఆగింది. అన్న ఏమనలే, ఆఖరికి "సరే చూద్దాం" అన్నడు. పోరి ఖోఖోకు మూడు దినాలు పోయొచ్చింది.

"ఎట్లున్నది?" అని అడిగిన.

"కాళ్ళు గుంజుతున్నయి చిన్నాయినా. నచ్చుతదో లేదో ఇప్పుడే ఎర్కలే."

"నెల ఆగినంక చెప్పు" అన్న. 'టీవీ చూచుట' అని రాసిన ఆ కాయితం ఇంకా సంచిలనే ఉన్నది. సారును అడిగి కొత్త కాయితం తీసుకొమ్మన్న, ఆ ఒక్క గీత ఖాళీ పెట్టి ఇయ్యమన్న.