తాతల బాప్తిస్మం మనకు చాలదు

పల్నాటి సంఘాల్లో పుట్టి పెరిగిన నా తరమా! అన్నలారా, తమ్ముళ్లారా, అక్కచెల్లెళ్లారా! ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మనం ఎప్పుడు క్రైస్తవులమయ్యాం? అమ్మ ఒళ్లో ఉండగా అయ్యగారు నెత్తిన నీళ్లు చల్లిన రోజునా? పదో తరగతి సెలవుల్లో నలుగురితో పాటు తెల్లబట్టలు కట్టుకుని కాలవలో మునిగిన రోజునా? తాతలు నమ్మారు, నాన్నలు నమ్మారు, మనం వాళ్ల బిడ్డలం. ఇంతేనా మన విశ్వాసం? పొలం వారసత్వంగా వస్తుంది, ఇల్లు వస్తుంది. ప్రభువు ముందు నిలబడే మనసును ఏ తాతయినా వీలునామాలో రాసిచ్చి పోగలడా?

ఆ తాతలు ఎలా నమ్మారో మనలో ఎంతమందికి తెలుసు? 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన మిషనరీ హయ్యర్, 1849లో గురజాలకు మకాం మార్చాడు. అప్పటికి ఆయన యాభై దాటిన మనిషి. మధ్యలో స్వదేశం వెళ్లినప్పుడు వైద్యం కూడా నేర్చుకుని వచ్చాడు. చివరికి రాజమండ్రి మిషన్ చేతులు మారబోతోందని విని, 76 ఏళ్ల వయసులో మళ్లీ ఓడెక్కాడు. డెబ్బై ఆరేళ్ల ముసలివాడిలో ఉన్న ఆ వేడి, ఇరవై రెండేళ్ల మనలో ఏది?

హయ్యర్ సంగతి అలా ఉంచండి. అసలు ధైర్యం మనవాళ్లది. ఒంగోలు సీమలో ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగవాడు, తోళ్ల వ్యాపారం చేసుకునేవాడు. ఆయన వెంట నడిచినవాళ్లు చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. జాతరలో డప్పు కొట్టం అన్నారు. ఆదివారం వెట్టికి రాం అన్నారు. ఊరు ఊరుకుంటుందా? నీళ్లు కట్టేసింది, పని మాన్పించింది. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. ఆ తర్వాత 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. మిషనరీ దొర క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు గానీ, కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం చేరారన్న మాట ఎవరూ అనకూడదని! కరువు తేలిక పడ్డాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చింది తెల్లదొరలు కాదు, తెలుగు పాస్టర్లు. ఆ ఉద్యమమే వినుకొండకూ నరసరావుపేటకూ పాకి మన పల్లెలకు చేరింది.

మిత్రులారా, వాళ్లకు చదువు లేదు, భూమి లేదు, బావి దగ్గర చోటు లేదు. మనకు అన్నీ ఉన్నాయి. సాగర్ కాలవ వచ్చింది, డిగ్రీ వచ్చింది, చేతిలో ఫోను వచ్చింది, ఆ ఫోనులో మూడు అనువాదాల బైబిలు వచ్చింది. మరి ఏం చేస్తున్నాం? గురజాల సెంటర్లో, పిడుగురాళ్ల బస్టాండులో, మాచర్ల టీ కొట్ల ముందు రాత్రి పదిదాకా తలలు వంచుకుని కూర్చున్నది ఎవరు? బంతి బంతికీ పందెం కాసి అమ్మ పుస్తెలతాడు దాకా తెచ్చుకున్నది ఎవరు? హీరో బ్యానరు చిరిగిందని కర్రలు పట్టుకున్నది ఎవరు? 2024 ఎన్నికల వేళ మాచర్ల పేరు, నరసరావుపేట పేరు దేశమంతా మోగిపోయింది. ఆ గొడవల్లో విసిరిన రాళ్లలో ఆదివారం పాటల పుస్తకం పట్టుకున్న చేతులు విసిరినవి ఒక్కటీ లేవని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? వాయిదాలకు కోర్టు చుట్టూ తిరిగేది నాయకుల కొడుకులు కాదు, మన పల్లె కుర్రాళ్లు! ఎవరి పగకో మన బలం! ఎవరి కుర్చీకో మన నెత్తురు!

మన ఇంట్లోకే చూడండి. మిరపకోతలకు పోయి, రాత్రి చన్నీళ్లలో పెట్టినా మంట తగ్గని వేళ్లతో, ఆదివారం పొద్దున కొంగు ముడి విప్పి, నలిగిన పది రూపాయల నోటు సాపు చేసి కానుక సంచిలో వేసే అమ్మ ఉంది. ఆమె ప్రార్థనలో మొదటి పేరు మనది. ఆ ప్రార్థన జరిగే వేళకు మనం గుడి బయట బండి మీద కూర్చుని ఉంటాం. సిగ్గు లేదా మనకు?

ఇంతకంటే పెద్ద సిగ్గు ఇంకొకటి ఉంది. ఒకే ఊళ్లో, ఒకే ప్రభువు పేర, ఈ పల్లెకొక గుడి, ఆ పల్లెకొక గుడి! ఒకరి పెళ్లికి ఒకరు పోని విశ్వాసులు! బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకునే నేల ఇది. మాల కన్నమదాసును సేనానిగా నిలిపిన కథ పాడుకునే నేల ఇది. ఈ నేల మీద ప్రభువు బల్లను ముక్కలు చేసుకున్నది మనమేనా! వినుకొండలో 1895లో పుట్టిన కవి జాషువాను అగ్రవర్ణాలే కాదు, పురాణ కథలు రాశాడని క్రైస్తవులమూ వెలివేశాం. వెలికి గురైన ఆ మనిషే క్రీస్తు చరిత్ర రాశాడు. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇటు తోసినవాళ్ల మీద, అటు తోసినవాళ్ల మీద పగ పెట్టుకుని కూర్చుని ఉంటే ఆ కావ్యం పుట్టేదా?

ఇక అసలు మాటకు వస్తాను. మారుమనస్సు అంటే ఏమిటనుకుంటున్నాం? ఉజ్జీవ సభలో లైట్లు తగ్గించి, కీబోర్డు మోగుతుండగా కార్చిన కన్నీళ్లా? ఆ కన్నీళ్లను నేను తక్కువ చెయ్యను, చాలామందికి దారి అక్కడే మొదలవుతుంది. కానీ తెల్లారాక? పౌలుకు దమస్కు దారిలో వెలుగు కనబడింది ఒక్క క్షణం. ఆ తర్వాత అరేబియాకు వెళ్లాడు, మళ్లీ దమస్కుకు వచ్చాడు. మూడేళ్లకు గాని యెరూషలేముకు వెళ్లి పేతురును చూడలేదు. మనమో, మూడో వారానికే మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాలంటాం! జక్కయ్యను చూడండి. ప్రభువు ఇంట్లో అడుగు పెట్టగానే పాట పాడలేదు, లెక్కల పుస్తకం తీశాడు. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు! అతని మారుమనస్సు ఊళ్లో బాధితుల చేతికి రూపాయల్లో అందింది. మనది ఎవరికి ఏమి అందించింది?

ఎదగాలి, మిత్రులారా! ఫోను ముట్టకముందు వాక్యం చదవాలి, అర్థం కాకపోతే పెద్దల్ని నిలదీసి అడగాలి. ఒంటరిగా ప్రార్థించడం నేర్చుకోవాలి. చేసిన తప్పు దేవుడి దగ్గరే కాదు, ఎవరికి చేశామో ఆ మనిషి దగ్గరా ఒప్పుకోవాలి. అప్పుడు చూడండి మన బలం! క్రిస్మస్ స్టారు కట్టడానికి రాత్రంతా చెట్లెక్కగల మనం పల్లెలో పదో తరగతి తప్పిన పిల్లలకు సాయంత్రం చదువు చెప్పలేమా? సౌండు సిస్టానికి లక్షలు పోగు చెయ్యగల మనం సారాకు ఇల్లు గుల్లైన ఒక్క కుటుంబాన్ని నిలబెట్టలేమా? ఎన్నికల రోజున రెండు పార్టీల మధ్య చేతులు పట్టుకుని వరస కట్టి, ఈ ఊళ్లో ఇక ఒక్క రాయి లేవదని చెప్పలేమా? చెప్పగలం! పేరయ్య తరం నీళ్లు కట్టేసినా లొంగలేదు, మనం మందు సీసాకూ పార్టీ జెండాకూ లొంగుతామా?

వచ్చే ఆదివారం దాకా ఆగకండి. మీ ఊళ్లో మీతో మాటలు మానేసిన మనిషి ఒకరుంటారు. తప్పు మీదైనా, అతనిదైనా, ఈ రాత్రికే వాళ్ల గుమ్మం ఎక్కండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి గుడికి రండి. ఏ పల్లె గుడికైనా సరే!