పండు లేని పండు ఐసు

ఎండాకాలం వచ్చిందంటే చాలు, మన పిల్లలకు అన్నం సయించదు, ఐస్‌క్రీం ఒక్కటే సయిస్తుంది. తిననివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఐసు తింటే గొంతు పట్టేస్తుందని బెదిరించే రకం కాదు నేను. నా పోట్లాటంతా ఒక్క విషయం మీదే. మామిడి పేరు చెప్పి పిల్లల చేతిలో పెడుతున్నారే, అందులో మామిడిపండు ఏ మాత్రం ఉంది?

ఈసారి కొన్నప్పుడు డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. కళ్ళజోడు పెట్టుకుని మరీ చదవండి. ముందువైపు మామిడిపండు బొమ్మ నిగనిగలాడుతూ ఉంటుంది. వెనక, కొన్నిటి మీద 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉంటుంది. అంటే ఐస్‌క్రీం కాదన్నమాట! మన ఆహార నిబంధనల ప్రకారం మామూలు ఐస్‌క్రీంలో పాలకొవ్వు నూటికి 10 పాళ్ళయినా ఉండాలి. ఫ్రోజెన్ డెజర్టుకి ఆ పట్టింపు లేదు, పామాయిలు లాంటి నూనెతోనూ చేసుకోవచ్చు. పైన రంగుకు రంగు, వాసనకు ఎసెన్సు. నిజంగా పండు వేసేవాళ్ళూ ఉన్నారు, కాదనను. వెయ్యనివాళ్ళని చట్టం ఒప్పుకుంటే ఒప్పుకోనీండి, మన నాలుక ఎందుకు ఒప్పుకోవాలి?

వీటికన్నా మా చిన్నప్పటి పుల్ల ఐసే నయం. అది రంగునీళ్ళ గడ్డ. తాను పండునని ఏనాడూ బొమ్మేసుకుని తిరగలేదు.

"ఇంట్లో ఎవరు చేస్తారండీ? మిషను లేదు, తీరికా లేదు" అంటారు. కుల్ఫీకి మిషనెందుకమ్మా? ఐస్‌క్రీం అయితే చిలికి గాలి ఎక్కించాలి. కుల్ఫీకి ఆ బాధ లేదు. పాలు మరిగి నీరు ఇగిరిపోతుంది కనుక మంచుపలుకులు నోట్లో గరగరలాడవు. లీటరు చిక్కటి పాలు అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి, సన్నని సెగ మీద, అంచుల మీగడ గీకి అందులోకే వేస్తూ, సగం కన్నా తగ్గేదాకా మరిగించండి. చక్కెర కాస్త ఎక్కువనిపించేలా వెయ్యండి. గడ్డకట్టాక తీపి తగ్గినట్టుంటుంది. పూర్తిగా చల్లారాకే కప్పుడు మామిడిగుజ్జు కలపాలి, వేడిపాలలో పులుపు పడితే విరిగిపోతాయి. బంగినపల్లి అయితే పీచుండదు, రసాలైతే వడగట్టండి. స్టీలు గ్లాసుల్లో పోసి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. పొద్దున గ్లాసుని అరచేతుల మధ్య తిప్పితే కుల్ఫీ ఊడివస్తుంది. దసరా నాటికి సీతాఫలాలు వస్తాయి. వాటి గుజ్జు మాత్రం పొయ్యెక్కించకండి, చేదెక్కుతుంది.

ఇక తీరిక సంగతి. గంటసేపు గరిటె తిప్పవలసింది అమ్మేనని ఏ శాస్త్రంలో రాశారు? 'ఇంటివంటే శ్రేష్ఠం' అని ఉపన్యాసమిచ్చే మగవారి చేతికే ఆ గరిటె ఇవ్వండి. కుర్చీ వేసుకుని, పేపరు చదువుతూ అయినా తిప్పవచ్చు. గుజ్జు పిసకడం, టెంక చీకడం పిల్లల వంతు. చొక్కాలు పాడవుతాయి, అవనివ్వండి. వారానికి ఒక్కసారి చాలు. మిగతా రోజుల్లో కొన్నది తిన్నా పరవాలేదు, తేడా వాళ్ళకే తెలుస్తుంది.

2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు మనదేనని కాయితం మీద రాసిచ్చారు. సంతోషమే. కానీ ఎసెన్సు వాసనే మామిడి అనుకుని, అసలు పండు నోట పెడితే "ఇది మామిడిలా లేదే!" అని మొహం చిట్లించే పిల్లవాడు మన ఇంట్లోనే తయారైతే, ఆ కాయితం ఏం చేసుకుంటామండీ?