నూటికి 72 మందికి అక్కరకు రాని 80జీ

ఏటా మార్చి వచ్చేసరికి స్వచ్ఛంద సంస్థల ఆన్‌లైన్ విజ్ఞప్తులన్నీ ఒకే పాట అందుకుంటాయి: నెలాఖరులోగా విరాళం ఇవ్వండి, ఆదాయపు పన్ను చట్టంలోని 80జీ సెక్షన్ కింద పన్ను ఆదా చేసుకోండి. నిధుల సేకరణ మీద జరిగే శిక్షణ తరగతుల్లోనూ ఇదే బోధిస్తున్నారు. దాత ఫోన్‌లో కనిపించే మొదటి వాక్యం పన్ను గురించే ఉండాలని, చివరి తేదీ చూపించి తొందరపెట్టాలని చెబుతున్నారు. ఈ సలహా ఇచ్చేవాళ్లు ఒక్క అంకెను చూడటం లేదు. 2024-25 మదింపు సంవత్సరానికి 2024 జులై 31 వరకు దాఖలైన 7.28 కోట్ల రిటర్నుల్లో 5.27 కోట్లు కొత్త పన్ను విధానంలో దాఖలైనవే. అంటే 72 శాతం. ఇది ఆదాయపు పన్ను శాఖ స్వయంగా ప్రకటించిన లెక్క. కొత్త విధానంలో ఉన్న వ్యక్తికి విరాళం మీద పైసా తగ్గింపు రాదు. మిగిలిన 28 శాతాన్ని ఉద్దేశించి రాసిన విజ్ఞప్తిని అందరికీ పంపుతూ, స్పందన తగ్గిందని, జనంలో దానగుణం పోయిందని బాధపడటం అన్యాయం. దానగుణం పోలేదు. అడిగే తీరు తప్పింది. అడిగేవాళ్లకు అండగా ఉండాల్సిన ప్రభుత్వం పక్కకు తప్పుకుంది.

అసలు పాత విధానంలోనైనా 80జీ ఇచ్చేది ఎంత? చాలా ప్రకటనల్లో ‘50 శాతం పన్ను మినహాయింపు’ అని ఉంటుంది. చదివినవాళ్లు వెయ్యి రూపాయలిస్తే అయిదు వందలు తిరిగి వస్తాయనుకుంటారు. మినహాయింపు పన్నులో కాదు, పన్ను లెక్కగట్టే ఆదాయంలో. వెయ్యిలో సగం, అంటే ₹500 ఆదాయం నుంచి తగ్గుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి ₹156 మిగులుతుంది. 20 శాతం శ్లాబులో ₹104, 5 శాతం శ్లాబులో ₹26. దానిమీద మళ్లీ మొత్తం ఆదాయంలో పది శాతమన్న పరిమితి, ₹2,000 దాటిన నగదు చెల్లదన్న నిబంధన. ఈ లెక్కను పెద్దక్షరాల్లో వేసిన విజ్ఞప్తులు అరుదు. సంస్థ విశ్వసనీయతే పెట్టుబడిగా నడిచే రంగంలో సగం నిజం చెప్పి డబ్బు అడగడం ప్రమాదకరం. కొత్త విధానంలో ఉన్న దాత 80జీ రసీదు దాచుకుని, జులైలో రిటర్ను వేసేటప్పుడు అది పనికిరాదని తెలుసుకుంటే, ఆ కోపం ఆర్థిక శాఖ మీదికి వెళ్లదు. రసీదు ఇచ్చిన సంస్థ మీదికే వస్తుంది. వచ్చే ఏడు ఆ దాత మళ్లీ రాడు.

దీనికి ఎదురయ్యే వాదన ఒకటుంది. ఆ 72 శాతంలో పన్ను కట్టే అవసరమే లేని చిన్న ఆదాయాలవాళ్లు చాలామంది ఉన్నారు, ఇంటి రుణం, అద్దె భత్యం చూపించే పెద్ద జీతగాళ్లు 28 శాతంలోనే మిగిలారు, పెద్ద విరాళాలు వాళ్లవే కదా అంటారు. మొదటి భాగం నిజమే. కానీ పన్నే కట్టనివారికి పన్ను ఆదా ఎర పనిచేయదు కాబట్టి, అది ఈ సలహాకు మరింత వ్యతిరేకంగానే నిలుస్తుంది. రెండో భాగం ఎన్నాళ్లో నిలవదు. 2023-24 నుంచి కొత్త విధానమే సహజంగా వర్తించే విధానమైంది. పాతది కావాలంటే ప్రత్యేకంగా కోరుకోవాలి. 2025 బడ్జెట్ ₹12 లక్షల ఆదాయం వరకు, ఉద్యోగులైతే ప్రామాణిక తగ్గింపుతో ₹12.75 లక్షల వరకు, కొత్త విధానంలో పన్ను లేకుండా చేసింది. నెలకు లక్ష జీతం తెచ్చుకునే ఉపాధ్యాయుడు, బ్యాంకు ఉద్యోగి, సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేరిన యువతి ఇక పాత విధానంలో ఉండాల్సిన అవసరం ఎంత? ఆన్‌లైన్ సేకరణకు వెన్నెముక కావాల్సింది ఈ మధ్యతరగతే. వాళ్లకు ఇంకా మార్చి 31 గడువు చూపిస్తున్నాం.

పన్ను చుట్టూ అల్లిన ప్రచారం చేసే అసలు నష్టం మరోచోట ఉంది. అది దాతను ఏడాదికొకసారి, ఒక్క వారంలో, అందరూ అడుగుతున్నప్పుడే అడుగుతుంది. బడికి జీతాలు నెలనెలా ఇవ్వాలి. వృద్ధాశ్రమంలో మందులు నెలనెలా కొనాలి. ఖర్చు నెలవారీదైనప్పుడు రాబడి మార్చిదైతే సంస్థ ఏడాదంతా అప్పుల మీద నడుస్తుంది. నెలకు ₹300 ఇచ్చే వెయ్యి మంది ఉంటే ఏడాదికి ₹36 లక్షలు, అదీ ఏ నెలకెంతో ముందే తెలిసి వస్తాయి. దానికి కావాల్సిన సాధనం చేతిలోనే ఉంది. యూపీఐ ఆటోపే 2020లో వచ్చింది. ₹15,000 వరకు ప్రతి నెలా పిన్ అడగకుండా ఖాతా నుంచి జమ అవుతుంది. డబ్బు కోతపడటానికి 24 గంటల ముందు దాతకు సందేశం వెళ్లాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనను చూసి చాలామంది భయపడతారు, ఆ సందేశం చూసి దాత మానేస్తాడని. మానేసేవాడు మానేస్తాడు. ఆ రోజుకల్లా గత నెల డబ్బుతో ఏం చేశామో నాలుగు వాక్యాల్లో, ఒక ఫొటోతో దాతకు చేరితే అదే సందేశం కొనసాగింపుకు కారణమవుతుంది. అంత శ్రమ పడని సంస్థకు నెలవారీ దాత దక్కడు.

పాన్ సంగతీ ఇలాంటిదే. 80జీ ధ్రువపత్రం కోసం దాతల వివరాలు 10బీడీ ఫారంలో మే 31లోగా సమర్పించాలి. ఆలస్యమైతే రోజుకు ₹200 రుసుము. ఆ భయంతో విరాళం పేజీ తెరవగానే ప్రతి ఒక్కరినీ పాన్ అడుగుతున్నారు. సైబర్ మోసాల వార్తలు రోజూ చదివే మనిషి, ముక్కూ మొహం తెలియని సంస్థకు వంద రూపాయలివ్వడానికి పాన్ ఎందుకిస్తాడు? అజ్ఞాత విరాళం కిందికి రాకుండా ఉండటానికి చట్టం అడిగేది దాత పేరు, చిరునామా వంటి గుర్తింపు వివరాలు రాసుకోమని. ధ్రువపత్రం కావాలనుకునేవారినే పాన్ అడిగితే సరిపోతుంది. 28 శాతానికి అవసరమైన గడిని నూటికి నూరుమందికీ అడ్డుగా పెట్టడం సంస్థలు చేతులారా చేసుకుంటున్న నష్టం. ఇదే లింకు వాట్సాప్‌లో డల్లాస్‌కు, న్యూజెర్సీకి కూడా వెళుతుంది. మన దేశంలో పన్ను కట్టే ఆదాయం లేని ప్రవాసికి 80జీతో పనిలేదు. పైగా ఆ దాత అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాడైతే, ఓసీఐ కార్డున్నా సరే, ఆ డబ్బు విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని తీసుకోవడం నేరం. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. విరాళం పేజీలో మొదట ఉండాల్సిన ప్రశ్న పౌరసత్వం గురించి. చాలా పేజీల్లో అది కనబడదు, 80జీ బ్యానరు మాత్రం మెరుస్తూ ఉంటుంది.

ఇక ప్రభుత్వం సంగతి. 80జీని ఎందుకు వదిలేశారంటే, కొత్త విధానం ఉద్దేశమే మినహాయింపులు లేని తక్కువ రేట్లు అని సమర్థిస్తున్నారు. ఈ మాట నిజం కాదు. ఉద్యోగి పింఛను ఖాతాకు యజమాని వేసే ఎన్‌పీఎస్ వాటాకు కొత్త విధానంలోనూ తగ్గింపు ఉంది. అగ్నివీర్ నిధికి ఉంది. ప్రామాణిక తగ్గింపును 2024 జులై బడ్జెట్‌లో ₹50,000 నుంచి ₹75,000కు పెంచారు కూడా. అంటే తలుపులన్నీ మూయలేదు, ఏది తెరవాలో ఎంచుకున్నారు. ఆ ఎంపికలో దానానికి చోటు ఇవ్వలేదు. రేట్లు తగ్గి చేతిలో మిగిలిన డబ్బులోంచే విరాళం ఇవ్వొచ్చు కదా అనేవారు అమెరికా వైపు చూడాలి. అక్కడ 2017 చట్టం ప్రామాణిక తగ్గింపును దాదాపు రెట్టింపు చేసింది. దాంతో విరాళాల వంటి ఖర్చులను విడిగా లెక్క చూపించి తగ్గింపు పొందేవారు సుమారు 30 శాతం నుంచి 10 శాతం దగ్గరికి పడిపోయారు. మన 72 శాతానికి అది అచ్చమైన పూర్వోదాహరణ. ఆ పొరపాటును అక్కడ గుర్తించారు. విడిగా లెక్క చూపనివారికీ 2020లో 300 డాలర్ల వరకు తాత్కాలికంగా తగ్గింపు ఇచ్చారు. 2025 చట్టం దాన్ని 2026 నుంచి వ్యక్తికి 1,000 డాలర్లు, దంపతులకు 2,000 డాలర్లుగా మళ్లీ తెచ్చింది. బ్రిటన్‌లో 1990లో మొదలైన గిఫ్ట్ ఎయిడ్ ఇంకా సూటిగా ఉంటుంది. పన్ను కట్టే దాత ఒక పౌండు ఇస్తే సర్కారు నుంచి మరో 25 పెన్నీలు నేరుగా సంస్థకు వెళతాయి. దాత ఏ శ్లాబులో ఉన్నాడన్నదానితో సంబంధం లేదు. చిన్న విరాళానికి పెద్ద విరాళంతో సమానమైన గౌరవం దక్కుతుంది.

పన్ను ఎర అక్కర్లేదని సంస్థలకు చెబుతూనే ప్రభుత్వాన్ని తగ్గింపు అడగడం ఏమిటని ఎవరైనా అనవచ్చు. రెండూ వేర్వేరు ప్రశ్నలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ముఖ్యమంత్రి సహాయ నిధికి క్యూఆర్ కోడ్‌తో డబ్బు పంపినవాళ్లు శ్లాబులు చూసుకుని పంపలేదు. నీళ్లలో మునిగిన ఇళ్లు చూసి పంపారు. వాళ్లలో పాత విధానంలో ఉన్నవారికి ఆ విరాళం మొత్తానికీ నూరు శాతం తగ్గింపు వచ్చింది. కొత్త విధానంలో ఉన్నవారికి సున్నా. ఒకే వరద, ఒకే నిధి, ఒకే మొత్తం. ఇచ్చినవాళ్ల మనసులో తేడా లేనప్పుడు సర్కారు లెక్కలో ఆ తేడా ఎందుకుండాలి? పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలని చట్టం చేసిన ప్రభుత్వం, చట్టం చెప్పకుండానే జేబులోంచి తీసి ఇచ్చే మనిషిని కనీసం గుర్తించనంటోంది. సర్కారు చేరని తండాలో బడి, సర్కారు ఆసుపత్రిలో మంచం దొరకని రోగికి వసతి నడుపుతున్నది ఆ డబ్బే.

ఆరు దశాబ్దాల నాటి పన్ను చట్టాన్ని 2025లో పూర్తిగా తిరగరాశారు. సెక్షన్ల అంకెలు మార్చారు, భాష సులభం చేశామన్నారు. కొత్త విధానంలో దానానికి చోటివ్వని ఈ తప్పును మాత్రం ఉన్నదున్నట్టుగా కొత్త చట్టంలోకి ఎత్తి రాశారు. పొరపాటున జరిగిందనుకోవడానికి వీల్లేదు. ఎవరు ఏ సంస్థకు ఎంతిచ్చారో 2021-22 నుంచి 10బీడీ ద్వారా పన్ను శాఖ దగ్గర పాన్‌తో సహా ఉంది. ఎవరు ఏ విధానంలోకి మారారో రిటర్నుల్లో ఉంది. రెండింటినీ కలిపి చూస్తే, విధానం మారిన తర్వాత దాతలు ఎంత తగ్గించారో, ఎంతమంది మానేశారో తేలిపోతుంది. సంస్థలు ఒక్క రోజు ఆలస్యం చేస్తే రుసుము వేసే శాఖ, వాటి నుంచి వసూలు చేసిన ఆ సమాచారం ఏం చెబుతోందో వచ్చే బడ్జెట్‌లోగా పార్లమెంటు ముందు పెట్టాలి. ఆ లెక్క బయటపెట్టకుండా కొత్త విధానం దానాన్ని దెబ్బతీయలేదని చెప్పే హక్కు ఆర్థిక శాఖకు లేదు.