ఆఖరి సీసా ఎవరు తీస్తారు?

ఓపెనర్ లేనప్పుడు ఒక సీసాతో ఇంకో సీసా మూత ఊడదీయడం హాస్టల్ విద్యల్లో ఒకటి. అందుకోసమే అడుగున గాడి పోసిన బీరు సీసాలు కూడా వచ్చాయి. బాగానే ఉంది. కానీ నాదొక సందేహం: మరి ఆఖరి సీసా ఎవరు తీస్తారు?

అమెరికాలో విలియం పెయింటర్ 1892లో రేకు మూతకి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని ఊడదీసే ఓపెనర్‌కి 1894లో మరో పేటెంటు కావలసివచ్చింది. పెయింటర్‌కి ఇరవై ఏళ్లు ముందే, 1872లో, ఇంగ్లండులో హైరం కాడ్ ఓపెనర్‌తో పనిలేని సీసా చేశాడు. అదే మన గోలీసోడా! లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి రబ్బరు రింగుకి బిగించేస్తుంది. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే 'కీచు'మంటుంది, అంతే. తాగేటప్పుడు గోలీ అడ్డురాకుండా మెడలో రెండు సొట్టలు.

కపిలేశ్వరపురంలో గోదావరి గట్టున ఎండలో సోడా తాగినవాళ్లకి ఇదంతా నేను చెప్పాలా? "సీసా ఇచ్చెళ్లండి బాబూ!" అనేవాడు కొట్టువాడు. కడిగి మళ్లీ నింపుకునేవాడు. అసలు తెలివి ఆ మాటలోనే ఉందని నా వాదన. ప్లాస్టిక్ సీసా మూత మెలితిప్పితే చాలు, వచ్చేస్తుంది. కానీ దాన్ని వెనక్కి అడిగే నాథుడు లేడు. కాలవలో పడి తూముకి అడ్డం పడుతుంది.

గోలీసీసా మెడ సన్నం, కడగడం కష్టం, ఒప్పుకుంటాను. శ్రద్ధ ఉంటే పోయే దోషమది.

సైన్సు చదివే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నా మనవి ఒక్కటే. సీసా తెరిచే ఉపాయాలు చాలానే వచ్చాయి. ఖాళీ సీసా తిరిగి కొట్టుకి చేరే ఉపాయం కనిపెట్టండి.